దివ్య తన్నిన గంప

దివ్యకు నటన రాదని అనలేం. చేతులు ఊరుకోవు, అంతే.

మొదటి ఏడాది ప్రాక్టికల్ పరీక్షలో ఆమెకు మహారాణి వేషం ఇచ్చారు. సింహాసనం మీద పరిచిన దుప్పటి ఒక పక్కకు జారింది. సేనాపతి చనిపోయాడన్న కబురు వింటూనే మహారాణి లేచి, దుప్పటి దులిపి, మూలలు సర్ది, కొంగు నడుముకు దోపుకుని మళ్ళీ కూర్చుంది. పరీక్షకొచ్చినాయన పొట్ట పట్టుకుని నవ్వి ఫెయిల్ చేశాడు. అది విషాద నాటకమట.

ఆమె నాటకాల కోర్సులో చేరడం వెనక కళాతృష్ణ లాంటివేమీ లేవు. అడ్మిషన్‌కు వెళ్ళేసరికి కంప్యూటర్ సీట్లు అయిపోయాయి. తెలుగు సాహిత్యం, నాటకం మిగిలాయి. సాహిత్యమైతే చదవాలి, నాటకమైతే అరిస్తే చాలనుకుంది. అరవడం ఆమెకు బాగా వచ్చు. వేసవి సెలవుల్లో మామిడితోటలో కోతుల కాపలా ఆమెదే. ఈ చివర నిలబడి ఆ చివర చెట్టు మీది కోతికి బుద్ధి చెప్పగలదు. తండ్రి పెద్దిరాజు చిక్కం కట్టిన గెడకర్రతో కాయలు కోస్తాడు. తల్లి లక్ష్మి వాటిని నేలకు తగలకుండా అందుకుని గంపలోకి ఎత్తుతుంది. తోట వెంకాయమ్మగారిది. ఆవిడ మనవడు సుభాష్ కూడా దివ్య క్లాసే. వాడు మాత్రం నిజంగా కళ కోసమే చేరాడు. సినిమాల్లోకి వెళ్ళే ముందు కాస్త చెయ్యి తిరిగితే మంచిదని ఎవరో చెప్పారు.

ఇప్పుడు చివరి ఏడాది. ఇద్దరిద్దరు చొప్పున చిన్న నాటిక వేయాలి, బయటి నుంచి ఒకాయన వచ్చి మార్కులు వేస్తాడు. పాత ఫెయిలుకూ కొత్త పరీక్షకూ కలిపి ఇదే ఆఖరి అవకాశం. ఇదీ పోతే దివ్యకు డిగ్రీ లేదు. ప్యాకింగ్ షెడ్డులో తల్లి పక్కన పీట వేసుకుని కాయలు ఏరుకోవడమే.

నాటకాల మాస్టారు కృష్ణకాంత్‌గారు వేషాలకు చీటీలు వేయించారు. తోట యజమానురాలి వేషం దివ్యకు వచ్చింది, గంప మోసే కూలివాడి వేషం సుభాష్‌కు వచ్చింది. కథ చిన్నదే. కూలివాడు దెబ్బ కాయలు కోశాడని యజమానురాలు మండిపడి, కాయలతో సహా గంపను తన్నుతుంది. వాడు ఏరుకుంటూ, "కాయలు నేలపాలు చేశారు కదమ్మగారూ!" అని ఏడుస్తాడు. తెర పడుతుంది.

రిహార్సల్లో కాయలకు బదులు కాగితం ఉండలు వేశారు.

"లోపల అగ్నిపర్వతం ఉందమ్మా. దాన్ని కాలిలోకి దింపు," అన్నారు కృష్ణకాంత్‌గారు.

"ఎక్కడ తన్నాలి సార్? అంచు మీదా, పొట్ట కిందా?"

"అది నీ అంతరంగం చెప్తుంది."

అంతరంగం ఏమీ చెప్పలేదు. రెండు చోట్లా తన్ని చూసింది. అంచు మీద తంతే గంప చుట్టూ తిరిగి అక్కడే కూర్చుంటోంది. పొట్ట కింద పాదం పెట్టి లేపితే ఎగిరి పడుతోంది. వారం రోజులు అలాగే తన్నింది. మధ్యలో సుభాష్‌కు నెత్తిమీద గుడ్డ చుట్ట పెట్టుకోవడం నేర్పింది. వాడికి గంప నిలిస్తే మాట మర్చిపోతున్నాడు, మాట గుర్తొస్తే గంప జారిపోతోంది.

"మీ తోటలో ఏనాడన్నా మోశావా బాబూ?"

"మోసేవాళ్ళని చూశానుగా. అబ్జర్వేషన్ అంటారు దాన్ని."

పరీక్ష రోజు పొద్దున్నే సుభాష్ తన సొంత తెలివి ప్రయోగించాడు. కాగితం ఉండలేంటి, నిజం కాయలుంటే రియలిజంగా ఉంటుందనుకున్నాడు. అప్పుడే కోసిన బంగినపల్లి కాయలు లక్ష్మి సొంత గంపలో నింపించి, ఆటోలో లక్ష్మినీ గంపనీ కలిపి పంపాడు. మనవడి నటన చూద్దామని వెంకాయమ్మగారు కారులో వచ్చి ముందు వరుసలో సోఫా ఎక్కారు. లక్ష్మి గంపను తెర వెనక దించి, హాలు గుమ్మం దగ్గర నిలబడింది. దివ్యకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆమె మరో పక్క నుంచి స్టేజీ ఎక్కాలి.

పరీక్షకు ఉంగుటూరు నుంచి నారాయణరావుగారు వచ్చారు. ఒకప్పుడు పరిషత్తు నాటకాల్లో వేషాలు కట్టిన మనిషి. టీ కప్పు ముందు పెట్టుకుని, పెన్ను తీశారు.

దివ్య వచ్చి మాట అందుకుంది. గొంతు చివరి బెంచీ దాకా వెళ్ళింది. సుభాష్ వణుకుతూ గంప దించాడు. ఆ వణుకు నటన కాదు, బరువు. దివ్య కాలు ఎత్తింది. అప్పుడు సొన వాసన కొట్టింది. కిందికి చూసింది.

ఎత్తిన కాలు అలాగే ఉండిపోయింది. హాలంతా, చెరువులో కొంగలా ఒంటికాలి మీద నిలబడ్డ యజమానురాలిని చూసింది.

దెబ్బ తగిలిన కాయ ఆ రోజు ఏమీ చెప్పదు. ముగ్గే వేళకు లోపల నల్లబడి, బుట్టలో పక్కవాటినీ చెడగొడుతుంది. ఇది ఎవరూ దివ్యకు పాఠంగా చెప్పలేదు. చిన్నప్పుడు ఒక కాయ జారవిడిచినందుకు వీపు మీద పడ్డ దెబ్బ చెప్పింది. కాలు వెనక్కి వచ్చేసింది.

గుమ్మం దగ్గర లక్ష్మి కళ్ళు మూసుకుంది. డిగ్రీ పోయిందనే అనుకుంది.

దివ్య గొంతుక్కూర్చుంది. ఒక కాయ తీసింది.

"ఏరా, ముచ్చిక లేకుండా కోసిన చెయ్యి అన్నం ఎట్లా కలుపుతుందిరా?"

ఆ కాయను తొడిమ ఊడిన ముచ్చిక వైపు కిందికి ఉండేలా, సొన కారిపోయేటట్టు నేల మీద నిలబెట్టింది. ఇంకోటి తీసింది. "కళ్ళు కొమ్మ మీద పెట్టమంటే రోడ్డు మీద పెట్టావా?" అదీ నిలబెట్టింది. కాయకో తిట్టు. నాటికలో రాసిన తిట్లు కాసేపటికే అయిపోయాయి. తరవాతవన్నీ తోటలో ఏళ్ళ తరబడి వినపడినవే. సోఫాలో వెంకాయమ్మగారు ముందుకు జరిగి, ఇవెక్కడో విన్నట్టుందే అన్నట్టు చూశారు. హాల్లో నవ్వులు మొదలయ్యాయి. సుభాష్‌కు ఏం చేయాలో తోచక, ప్రతి తిట్టుకూ "చిత్తం" అంటున్నాడు.

కాయలన్నీ వరసగా నేల మీదికి చేరాయి. దివ్య లేచింది. చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి, పొట్ట కింద పాదం పెట్టి, ఖాళీ గంపను తన్నింది.

వారం రోజుల సాధన వృథా పోలేదు. గంప స్టేజీ దాటి, నారాయణరావుగారి టీ కప్పును పడేసి, ఆయన చెప్పుల దగ్గర బోర్లా పడింది.

సుభాష్‌కు గుర్తున్న మాట ఒక్కటే. కాయలన్నీ బడిపిల్లల్లా వరసలో నిలబడి ఉండగా, వాడు గుండె బాదుకున్నాడు. "కాయలు నేలపాలు చేశారు కదమ్మగారూ!"

హాలు గొల్లుమంది. దివ్య నవ్వలేదు.

"నా కాయలు నిక్షేపంలా ఉన్నాయి. పోయింది నీ గంప. ఏరుకుని పో."

నవ్వు ఆగిపోయింది. తెర పడింది.

నారాయణరావుగారు టీ తుడుచుకుంటూ ఇద్దరినీ ముందుకు పిలిచారు.

"కాయలతో సహా తన్నాలని రాసుంది. ఎందుకు తన్నలేదమ్మా?"

"అది సంప్రదాయ నాటకీయతకు ఒక ధిక్కార ప్రకటన సార్," అన్నారు కృష్ణకాంత్‌గారు.

"మీకు కాదండీ పరీక్ష. నువ్వు చెప్పమ్మా."

"రాలేదండీ."

"ఏం రాలేదు?"

"కాలు."

"గంప మీదికి బానే వచ్చిందే!"

"ఖాళీది కదండీ."

వెంకాయమ్మగారు ఆగలేకపోయారు. "కాయలున్న గంపను ఎవరన్నా తంతారటండీ? మీ నాటకం రాసినవాడెవడో తోట ఎరగడు. మా ఇంట్లో ఎంత కోపమొచ్చినా కాయలు దించాకే!"

వెనక బెంచీల్లోంచి నవ్వు లేచింది. లక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తాను ఏం ఒప్పుకున్నదీ వెంకాయమ్మగారికి ఎవరూ చెప్పలేదు.

నారాయణరావుగారు సోఫా వంక, దివ్య వంక మార్చి మార్చి చూసి, కాగితం మీద ఏదో రాశారు. "అమ్మగారు పాస్. కూలివాడి సంగతి ఆలోచించాలి," అన్నారు. పోతూ పోతూ వరసలోంచి మంచి కాయ ఒకటి సంచిలో వేసుకున్నారు. వేషాలు కట్టిన చేతికీ ఏది మంచి కాయో తెలుసు.

లక్ష్మి వచ్చి గంప ఎత్తి చూసింది. పొట్ట దగ్గర వెదురు బద్దలు విరిగి చెయ్యి పట్టేంత కన్నం పడింది.

"పాసయినట్టేనా?"

"అయినట్టేనమ్మా."

"వాళ్ళ కాయలు ఒక్కొక్కటీ దించావు. మన గంపను తన్నావు." లక్ష్మి కన్నంలోంచి కూతురి మొహం చూసింది. "బానే చదివావు తల్లీ. వెంకాయమ్మగారు కూడా ఇంత చక్కగా తన్నరు."

దివ్య హాలు మెట్ల మీద కూర్చుని గంప ఒళ్ళోకి లాక్కుంది. విరిగిన బద్దలు ఒకదాని కింద ఒకటి దూర్చడం మొదలుపెట్టింది.