ఆ మాట రాసింది నేనే

ఆకివీడులో ఒక చేపల చెరువుల ఆఫీసుకు కంప్యూటర్ పనులు చూసేవాణ్ణి. చెరువుల లెక్కలు ఎక్కించే వెబ్‌సైట్‌ను బయటివాళ్లు తెరవకుండా, ప్రతి ఉద్యోగి ల్యాప్‌టాప్‌లో వాళ్ల పేరుతో గుర్తింపు కార్డులాంటి డిజిటల్ సర్టిఫికెట్ పెట్టాను. సూపర్‌వైజర్ సత్యంగారు గుండెపోటుతో పోతే, మర్నాడే ఆయన సర్టిఫికెట్ రద్దు చేశాను.

పెద్దకర్మ అయ్యాక ఆయన భార్య ఫోన్ చేశారు.

"బాబూ, ఆయన చెబుతుంటే రోజూ నేనే టైపు చేసేదాన్నండీ. ఇవాళ కాపలా అతను అలవాటుకొద్దీ ఇంటికే ఫోన్ చేసి చెరువులో ఆక్సిజన్ ఎంతుందో చెప్పాడు. ఎక్కిద్దామని ఆయన పేరు నొక్కితే, 'ఈ పేరు ఇక చెల్లదు' అని వస్తోంది. ఆయనేం తప్పు చేశారండీ?"

అందరికీ అర్థం కావాలని ఆ మాటను తెలుగులో రాసింది నేనే.

ఆ రోజే దాన్ని మార్చేశాను. కానీ ఆవిడ అప్పటికే చదివేశారు.