గార్డు ఫొటోకు దండ

సంతాప సభలో చనిపోయినవారి తరఫువాళ్ళు చెప్పుదెబ్బలు తినడం మీరెప్పుడైనా చూశారా? నేను తినబోయి, వెంట్రుకవాసిలో తప్పించుకున్నాను. అదీ మా పిల్లి సంతాప సభలో!

మాది ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ కాలనీ, రైల్వే క్వార్టర్సు. మా పిల్లి పేరు గార్డు. ఒంటినిండా ఇస్త్రీ యూనిఫారం వేసుకున్నట్టు తెల్లగా ఉండేవాడు. తోక కొన మాత్రం నలుపు. నాన్న డ్యూటీకి బయలుదేరేదాకా గేటు మీద నుంచి దిగేవాడు కాదు. ముసలివాడై, అమ్మ మంచం కింద నిద్రలోనే పోయాడు. ఆనాటి నుంచీ అమ్మ చేపలు వండడం మానేసింది. "తలకాయలు ఎవుడికెయ్యాల?" అనేది.

అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. ఈ ప్రపంచం నా వల్లే సక్రమంగా నడుస్తోందని గట్టి నమ్మకం.

"ఫొటో పెట్టి, దండేసి, నలుగురినీ పిలుద్దామే అమ్మా."

"ఆడి ఫొటో ఎక్కడుందిరా?"

"నా ఫోన్లో ఉంది. నాకొగ్గీ, నే సూసుకుంటాను!"

ఫోన్లో మా గోడ మీద కూర్చున్న తెల్లపిల్లి దొరికింది. తోక గోడ అవతల ఉంది. అయితేనేం? పూరీ గేట్ దగ్గర స్టూడియోకి వెళ్ళి, మంత్రిగారికి సరిపోయేంత సైజు చేయించాను.

అమ్మ కళ్ళు చికిలించింది. "ఈడింత లావుగా ఎప్పుడున్నాడ్రా?"

"నీ సేతి తిండి మరి!"

నాన్న కళ్ళజోడు పెట్టుకున్నారు. "మూతి ఏరేగా ఉన్నాదేటి?"

"ఫొటోలో అందరం అలాగే ఉంటాం నాన్నా. మీ ఐడీ కార్డు సూసుకోండి."

మర్నాడు సాయంత్రం బంతిపూల దండ, అగరొత్తులు, ఫొటో ముందు అమ్మ ఆ ఒక్కపూటకీ వేయించిన చేపముక్క. కాలనీవాళ్ళ ముందు నేను గొంతు సవరించుకున్నాను. "మా గార్డు పెళ్ళాంపిల్లల జంజాటం పెట్టుకోని బ్రహ్మచారి..."

అప్పుడే, మేం మాసీ అని పిలిచే పక్కింటి బెంగాలీ ఆవిడ సందేశ్ మిఠాయి డబ్బాతో వచ్చింది. ఫొటో చూసింది. డబ్బా కిందపడింది.

"ఓ మా! నా పుటి! బతికున్న పిల్లికి దండేసినారా? కడుపుతో ఉన్నదానికి!"

"కాదు మాసీ, వీడు మా గార్డు," అన్నాను. నా ధీమా ఇంకా దిగలేదు మరి.

"గార్డా? ఏదీ, తోక సూపించు!"

తోక గోడ అవతల ఉంది కదా! నేను ఫొటో అంచులు తడుముతుండగా, కడుపు నేలకానించుకుంటూ ఆ బ్రహ్మచారి పెరటి గుమ్మంలోంచి లోపలికి వచ్చింది. తన ఫొటో వంక కన్నెత్తి చూడకుండా చేపముక్క అందుకుని, అక్కడే కూర్చుని తినసాగింది.

మాసీ చెప్పు కోసం వంగింది. ఇంతలో అమ్మ గొంతులోంచి ఏదో వింత చప్పుడు. ఏడుస్తోందనుకుని కంగారుపడ్డాను. అమ్మ నవ్వుతోంది! మాసీ భుజం పట్టుకుని, ఊపిరాడక నవ్వుతోంది.

"దీదీ... ఈడు... నీ పిల్లిని సంపీసి, మగాణ్ణి సేసీసి, పెల్లి కూడా మానిపించీసినాడు!"

మాసీ నవ్వు ఆపుకోబోయింది. తర్వాత ఆవిడా చెప్పు వదిలేసి నేల మీద కూలబడి నవ్వింది. గార్డు పోయాక మా ఇంట్లో వినబడ్డ మొదటి నవ్వు అది.

ఆ సాయంత్రమే గార్డు మీద ఒట్టేసుకున్నాను. ఇకమీదట ఎవరి ఫొటోకు దండ వేయవలసి వచ్చినా, ముందుగా పేరు పెట్టి గట్టిగా పిలుస్తాను. పలికారా, దండ మెడలోనే వేసి దణ్ణం పెట్టుకుంటాను.