చేపలకేసిన చేమ పురుగులు

తొరికాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. చర్చిలో పాస్టరు మాట్లాడుతున్నంతసేపూ ఆమె కాలు ఊగుతూనే ఉంటుంది. మొగుడు పోయాక ఇంటి వెనక చిన్న చెరువు తవ్వి తిలాపియా చేపలు వేసిందీ, చేతులకు పని దొరుకుతుందనే.

మేత అయిపోయిన వారం, మరిది సైరుసి చేమతోటలో గొంగళిపురుగులు ఆకుల్ని జల్లెడ చేస్తుంటే చూసింది. బొచ్చు పురుగుల్ని వదిలేసి నున్నటివాటిని బుట్టలోకి ఏరి, చెరువులో గుమ్మరించింది. చేపలు ఎగబడి మింగాయి. ఆదివారం చర్చి భోజనానికి ఇస్తానన్న చేపలవి. ఇంకాస్త కండ పడితే బాగుంటుందనుకుంది.

బట్టలు ఆరేస్తున్న తోడికోడలు లోసనా ఖాళీ బుట్టకేసి చూసింది.

"ఏం ఏరావక్కా?"

"మీ చేమలో పురుగులే. నా చేపలకేశాను."

లోసనా చేతిలో దుప్పటి ఆగిపోయింది. "మా ఆయన మొన్ననే చేమకు పురుగుల మందు కొట్టాడక్కా. ఊరంతా చెప్పాడు, నువ్వు వినలేదా?"

సైరుసిని అడుగుదామంటే అతను పొద్దున్నే టౌను బస్సెక్కాడు. ఫోను చేస్తే అది ఇంట్లోనే మోగింది. ఏం మందో లోసనాకు తెలియదు. చేపలు మామూలుగానే ఈదుతున్నాయి. అలా ఈదడమూ తొరికాకు అనుమానంగానే తోచింది. గట్టు మీద అటూ ఇటూ తిరిగింది. కొత్తనీరు పారితే విషం కొట్టుకుపోతుందని పక్కనున్న వాగు నీటిని చెరువులోకి మళ్ళించి తూము తీసింది. తూముకున్న జాలీకి ఆకులు అడ్డంపడ్డాయి. ఓపిక పట్టలేక దాన్నీ పీకేసింది.

చేపలు వరసకట్టి వాగులోకి జారిపోయాయి. చేతులు అడ్డం పెట్టినా ఆగలేదు.

అప్పుడు పుట్టింది అసలు భయం. వాగు దిగువన ఆడవాళ్ళు వలలు వేస్తారు. తడిబట్టలతోనే పరుగెత్తింది. మొగుడి మేనత్త అకేసి అప్పటికే రెండు చేపల్ని పొయ్యి మీద పెట్టేసింది.

"తినొద్దత్తా. అవి మందు కొట్టిన పురుగుల్ని తిన్నాయి."

"నిగనిగలాడుతుంటేనూ? నీ చేపలని ఏడుస్తున్నావా?"

"చేపల కోసం కాదత్తా. నీకేమన్నా అవుతుందని."

అకేసి ఆమె మొహంలోకి చూసింది. గిన్నె దించి, చేపల్ని గోతిలో పూడ్చింది.

సాయంత్రం బస్సు దిగిన సైరుసికి తొరికా ఎదురెళ్ళింది. "ఏం మందు కొట్టావు?"

అతను నేలచూపులు చూశాడు. "సబ్బునీళ్ళు వదినా."

"మందని చెప్పావుగా."

"చెప్పకపోతే నా చేమ మిగులుతుందా? రోజూ ఎవరో ఒకరు ఆకులు కోసుకుపోతున్నారు. నలుగురూ కూర్చుని యంగోనా కషాయం తాగేకాడ ఓ మాట వేస్తే భయపడతారని."

"నాతోనైనా నిజం చెప్పొచ్చు కదరా."

"నువ్వొకచోట నిలబడి వింటే కదా."

తొరికా అతని భుజం మీద ఒక్కటి వేసింది. నవ్వాలో ఏడవాలో తెలియక, ఆ సంగతి అకేసికి చెప్పడానికి మళ్ళీ వాగు దారి పట్టింది.

ఆదివారం చర్చిలో అందరూ దుకాణంలో కొన్న డబ్బా చేపే తిన్నారు. పూడ్చిన చేపల గురించి అకేసి తిడుతూనే ఉంది. సైరుసి తల వంచుకుని వడ్డించాడు. ఆ తర్వాత చేపపిల్లల్ని అతనే తెచ్చి వదిలాడు. తొరికా ఇప్పటికీ పురుగులు ఏరుతుంది. ఏమీ కొట్టలేదని మరిది చెప్పినా, ముందు తొట్టిలో ఒక్క చేపకు వేస్తుంది. అది హాయిగా ఈదుతున్నా పదేపదే తొంగి చూస్తుంది.