నేలకి కుడితి పెట్టిన నూకరాజు

భిలాయి మొత్తంలో నూకరాజుకున్నన్ని గేదెలు ఇంకెవరికీ లేవు. దుర్గ్ నుంచి రాయ్‌పూర్ దాకా ఉన్న గేదెల కొట్టాలన్నీ కలిపినా ఆయన మందలో ఓ మూలకి రావు. అవి రోజుకి పన్నెండు బకెట్ల కుడితి తాగి, తాగినందుకు గుర్తుగా త్రేన్చేవి. సరే, త్రేన్పు సంగతి వదిలేద్దాం. అది మట్టిలో బుడగ పగిలిన చప్పుడు కావచ్చు. బకెట్లు కూడా ఆరే అనుకుందాం. గేదెలన్న మాటని సైతం కొంచెం సడలించుకోవాలి, ఎందుకంటే వాటికి కొమ్ముల్లేవు, తోకల్లేవు, కళ్ళజోడు పెట్టుకున్నా కనపడవు. కుడితి మాత్రం నిజం.

నూకరాజు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, స్టీల్ ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసి, తొంభై మూడులో రిటైరయ్యాడు. ఆ కబురు ఆయన కాళ్ళకి ఎవరూ చెప్పలేదు. కూర్చుంటే లేచేవాడు, లేస్తే తిరిగేవాడు, అన్నం కూడా సగం నిలబడే తినేవాడు. "నీకు కంచం పీట ముందెట్టాలా, ఎనకాల పట్టుకు తిరగాలా మావా?" అనేది భార్య కన్నమ్మ.

ఊళ్ళోనే రుఆబాంధా పేట చివర ఆయన కొన్న స్థలం అంతకుముందు లారీలు బాగుచేసే షెడ్డు. ఇంజన్లలోంచి తీసిన నల్లనూనె ఏళ్ళ తరబడి అక్కడే పారబోశారు. వాన పడితే నీళ్ళమీద రంగులు తేలేవి తప్ప గడ్డిపరక మొలిచేది కాదు. కొడుకు రాజాబాబు దీనికో దారి తేల్చేశాడు.

"లారీ మాట్లాడతాను నాన్నా. పైమట్టంతా ఎత్తించి కుమ్హారి ఊరి దగ్గర గోతిలో పడేద్దాం. ఖతం."

"ఆ గోతి పక్కన నుయ్యుంది గదరా."

"మనది కాదు కదా!"

ఆ మాట నూకరాజుకి మింగుడు పడలేదు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి చేద వేసి లాగితే, అందులో తన నూనె తేలడమా? మట్టి కదలడానికి వీల్లేదన్నాడు. చివరికి కొడుకు గడువు పెట్టాడు: వచ్చే వానాకాలం మొదలయ్యాక పచ్చగా ఏదైనా మొలిస్తే సరే, లేకపోతే లారీ వస్తుంది.

బళ్ళో సైన్సు చెప్పే కూతురు భాగ్యరేఖ ఉపాయం చెప్పింది. "మట్టిలో నూనె తినే సూక్ష్మజీవులుంటాయి నాన్నా. పేడా ఊకా కలిపి, తడిపి, అప్పుడప్పుడు తిరగేసి గాలి తగలనిస్తే అవే తింటాయి. టైమ్ లగేగా, బస్. కొన్నాళ్ళు పడుతుంది, అంతే."

"మేత, నీళ్ళు, గాలి. అంటే పశువులే గదేటి!"

"పశువులు కావు నాన్నా..."

అప్పటికే ఆయన బకెట్ తీసుకుని వీధిలో ఉన్నాడు. తెలుగువాళ్ళ ఇళ్ళలో కుడితి, ఛత్తీస్‌గఢీ వాళ్ళ ఇళ్ళలో గంజి, ఏది దొరికితే అది.

"ఎన్ని గేదెలు కొన్నావేటి బావా?" అంది పక్కింటి గున్నమ్మ.

"లెక్కెట్టలేం గున్నమ్మా."

"మరి పాలేవి?"

"తాగడమే గాని ఇవ్వడం లేదు."

ఈ ముక్క సుపేలా బజారు దాకా పాకింది. ఈలోగా చలికాలమూ ఎండాకాలమూ గడిచాయి. నూనె వాసన పలచబడింది. తొలి వాన పడగానే భాగ్యరేఖ మెంతులు చల్లించింది, తినడానికి కాదు, మొలుస్తాయో లేదో చూడ్డానికి. మర్నాడే నూకరాజు వేలితో తవ్వి చూశాడు. మధ్యాహ్నం మళ్ళీ తవ్వాడు. మొలకలు రాలేదు. మళ్ళీ చల్లాడు, మళ్ళీ తవ్వాడు.

"విత్తనాన్ని కెలక్కు నాన్నా!"

"కెలకలేదే. పలకరించేను."

అంతలో మునిసిపాలిటీ నుంచి ఓ తనిఖీ మనిషి స్కూటర్ మీద వచ్చాడు. అనుమతి లేకుండా గేదెలు పెంచుతున్నారని ఎవరో ఫిర్యాదు చేశారట. "భైంస్ కిధర్ హై?" అన్నాడు.

"ఇక్కడే సార్. మీ బూట్ల కింద."

అతనికి ఒళ్ళు మండింది. పేడ కుప్పా కుడితి బకెట్లూ చూసి, మంద ఎక్కడో దాచారని తేల్చుకున్నాడు. గేటుకి ఇనప తీగ చుట్టి, తన పైఅధికారి, బడే సాహెబ్, వచ్చి చూసేదాకా లోపల అడుగు పెట్టొద్దన్నాడు.

నూకరాజుకి కాలు నిలవలేదు. రోజూ తెల్లారింది మొదలు కంచె చుట్టూ తిరగడమే. "ఆకలికి సచ్చిపోతాయే!" అని గోల.

"సావవు. నీ సెయ్యి తగలక ఇప్పుడే ఊపిరి పీల్సుకుంటన్నాయి," అంది కన్నమ్మ.

ఆఖరికి గడువు ముగిసి, కొడుకు మాట్లాడిన లారీ వచ్చింది. నూకరాజు తల దించుకుని తన కాళ్ళు చూసుకుంటూ తిరుగుతూనే ఉన్నాడు, లోపలికి చూసే ధైర్యం లేక. ఈ పచ్చపచ్చనిదంతా తవ్వెయ్యాలా అని డ్రైవరే ముందు అడిగాడు: "ఏ హరా హరా సబ్ ఖోద్‌నా హై క్యా?"

రాజాబాబు తీగ విప్పాడు. మెంతి మొలక లేచింది. అక్కడక్కడ నల్లటి బట్టతల మచ్చలున్నాయి, కానీ మిగతాదంతా పచ్చగానే ఉంది. అతను పిడికెడు మట్టి తీసి వాసన చూశాడు. "ఆ మచ్చల్ని వచ్చే ఏడు చూద్దాంలే," అని లారీని ఖాళీగా పంపేశాడు. బడే సాహెబ్ మాత్రం ఇప్పటికీ రాలేదు.

ఆ స్థలం దగ్గర గడ్డి మొలవని చోటు ఇప్పుడొకటే ఉంది, కంచె చుట్టూ మనిషి నడిచినంత దారి. అది నూనె చేసిన పని కాదంటుంది కన్నమ్మ.

నూకరాజునడిగితే ఒక్క ముక్కా ఒప్పుకోడు. "గేదెల్లేవు, కుడితీ లేదు, లారీ అసలే రాలేదు. వానకి మొలిసింది, అంతే. నాను కంచె సుట్టూ తిరిగేనా? కూకున్న సోటు నుంచి కదిలే మనిషిని కాను నాను!" అంటాడు. గుమ్మంలో మొదలెట్టిన ఆ మాట పూర్తయ్యేసరికి గేటు దగ్గరుంటాడు.