ద్వాలీ ఎత్తుకు పెట్టిన దర్వాజ

మా చిన్నప్పుడు ఆదివారమంటే మట్టి తొక్కే రోజు...

తొంభైల మొదట్లో సంగతి. అశోక్‌నగర్ వెనక, నాలా పక్కన మా లంబాడీ బస్తీ. మహబూబ్‌నగర్ తండాల నుంచి పనికొచ్చిన పది పన్నెండు కుటుంబాలు. వారమంతా మా పెద్దలు నారాయణగూడలో అపార్టుమెంట్లకు స్లాబులు వేసేవారు. ఆదివారం అందరూ కలిసి మాలో ఒకరికి ఇల్లు కట్టేవారు.

పునాదులు తవ్వి పారబోసిన ఎర్రమట్టి, వరిపొట్టు, చిక్కడపల్లిలో కూల్చిన పాత ఇళ్ళ పెంకులు... అదే సామాను. ఎండాకాలంలో ఆ గోడలకు వీపు ఆనిస్తే ఎంత చల్లగా ఉండేదో.

ఒక పద్ధతి మాత్రం తండా నుంచి మా వెంట వచ్చింది. ఇంటి ఆడమనిషి నిండు బిందె నెత్తిన పెట్టుకొని నిలబడాలి. బిందె అంచుకు నాలుగు వేళ్ళు పైన దర్వాజ. నీళ్ళు తెచ్చే మనిషి తన ఇంట్లోకి వంగకుండా నడవాలని.

ఒక ఏడాది వానలకు ముందు కట్టిన చివరి ఇల్లు మా పక్కింటి లక్ష్మణ్ మామది. భార్య పోయి ఏడాది. కూతురు ద్వాలీకి పదేళ్ళు, నాకు పదకొండు.

"మా ఇంట్ల ఆడమనిషి లేదు తాతా... నా ఎత్తు చూసి పెట్టు," అన్నాడు మామ. కొలత కర్ర పట్టుకున్న నాయక్ తాత మా బస్తీకి పెద్ద.

ద్వాలీ తను నీళ్ళు మోసే చిన్న బిందె తీసుకొని నల్లా దగ్గరికి ఉరికింది. "జర బిందె ఎత్తురా," అంది నాతో. ఎత్తాను. తొణకకుండా వచ్చి సగం లేచిన గోడల మధ్య నిలబడింది.

"నేను లేనా?"

అందరూ నవ్వారు. "ఏందే పోరీ, రేపు నువ్వు పెరగవా? అప్పుడు దర్వాజ సాగుతదా?" అంది మా అమ్మ.

తాత నవ్వలేదు.

"ఇంటికి నీళ్ళు ఎవరు తెస్తున్రు?"

"నేనే."

"అయితే ఆడమనిషివి నువ్వే. గని మడిమెలు దించు బిడ్డా... దొంగ ఎత్తు వద్దు."

మునివేళ్ళ మీద నిలబడిందని అప్పుడు చూశాం. దించింది. మెడ మాత్రం ఇంకా సాగదీసే ఉంది. తాత కర్రకు గాటు పెట్టాడు.

ఇంట్లో చేరిన రోజే మామ నుదురు దర్వాజకు ఠప్పున తగిలింది. "ఇప్పుడే పలగొడ్త దీన్ని!" అంటూ గడ్డపార తీశాడు. ద్వాలీ కడప మీద అడ్డంగా నిలబడింది. కళ్ళనిండా నీళ్ళు.

"అమ్మ ఎత్తుకు పెడితే పలగొడ్తుంటివా? ఇది నా ఎత్తు. వంగి రా, బాపు."

మామ గడ్డపార గోడకు ఆనించి, వంగి లోపలికి పోయాడు.

నా డిగ్రీ అయ్యాక, అదే దర్వాజలోంచి వంగి వెళ్ళి పిల్లనడిగాను. ఆ ఇంట్లోనే కాపురం. పెరిగిన ద్వాలీ బిందెను నెత్తి మీంచి దించి చంకన పెట్టుకొని లోపలికి వచ్చేది. తప్పు చేశానని ఒక్కనాడూ అనలేదు...

ఆ మట్టి ఇళ్ళు ఒక్కొక్కటే పోయాయి. ఇప్పుడు చిక్కడపల్లిలో కిరాయి ఫ్లాటు. ఏడడుగుల తలుపులు. అయినా వంగే లోపలికి వచ్చేవాణ్ణి. "ఎవరికి దండం పెడుతున్నవ్?" అని ద్వాలీ నవ్వేది.

పోయిన శ్రావణంలో ద్వాలీ పోయింది.

ఇప్పటికీ వంగుతున్నాను... లోపల ఎవరూ నవ్వరు.

మీ ఇంటి దర్వాజ ఎవరి ఎత్తుకు పెట్టారు? తెలిస్తే రాయండి. చదువుతాను.