గోడ లేని మంచం

రండి, గుమ్మంలోనే నిలబడిపోయారేం? ఇలా పొయ్యి దగ్గరికి జరిగి కూర్చోండి. చాప చిన్నదే గానీ సర్దుకుంటే చాలుతుంది. చేతిలో పనుంటే అదీ తెచ్చుకోండి, చింతపండు పిక్కలు తీస్తూ విన్నా నేనేమీ అనుకోను. ఇది సుఖంగా ముగిసే సంగతి కాదని మాత్రం ముందే చెబుతున్నాను. తర్వాత నన్ను అనకూడదు.

మా అత్తగారింట్లో ఒక కట్టడి ఉండేది. పగటిపూట ఎవరూ గోడకేసి తిరిగి పడుకోకూడదు. జ్వరమొచ్చినా, నడుం పట్టేసినా, మొహం గుమ్మం వైపే ఉండాలి. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు తలనొప్పితో అటు తిరిగి పడుకున్నాను. మా అత్త చేటలో బియ్యం చేటలోనే వదిలేసి వచ్చి, నా భుజం పట్టి ఇటు తిప్పింది.

"ఏమే, ఏముందే ఆ గోడలో? మీ పుట్టింటోళ్ళేమన్నా కనబడుతున్నారా?"

నాకు ఒళ్ళు మండింది. ఆ వెటకారం వెనకున్న సంగతి చాలా రోజుల తర్వాత మా ఆయన చెప్పాడు. వాళ్ళ నాన్న, అంటే నేను చూడని మా మామ, ఒక కరువు ఏడు దిగులుతో మనాది పట్టి గోడకేసి తిరిగి పడుకున్నాడట. జ్వరం లేదు, దగ్గు లేదు. పిలిస్తే పలకడు. గంజి పోస్తే పెదవి పక్క నుంచి కారిపోయేది. అలా పడుకున్నవాడు అలాగే పోయాడు. మా ఆయన ఇది నాకు ఒక్కసారే చెప్పాడు, అదీ కాయలు కోసే చిక్కానికి తాడు అల్లుకుంటూ, తలెత్తకుండా. మా ఇంట్లో దొంగల భయం ఎవరికీ ఉండేది కాదు. ఎత్తుకుపోవడానికి ఏముందని? ఉన్న భయమల్లా ఆ గోడే.

నయాపైసలు వచ్చిన కొత్త రోజులవి. ముసునూరు దారిలో ఒక చిన్నరసాల తోటకి మేమిద్దరం కావలి ఉండేవాళ్ళం. నూజివీడు షావుకారు ఒకాయన ఆ తోటని పూత మీద కొనేవాడు. పూత దగ్గర్నుంచి ఆఖరి కాయ కోసేదాకా మా కాపురం తోటలో పాకలోనే. చిలకల్ని తోలడం, చిన్న మొక్కలకు కావిడితో నీళ్ళు మోయడం, కోతలప్పుడు ఆయన చెట్టెక్కితే నేను కింద కాయ ఏరి గంపల్లో గడ్డి వేసి సర్దడం. మధ్యలో దొరికిన కూలికల్లా వెళ్ళేదాన్ని. తినడానికి గింజలిచ్చేవాడు షావుకారు. మిగతా జీతమంతా కోతలయ్యాకే.

ఆ తోటల్లో ఒక ఆనవాయితీ ఉంది. చెట్టు మీద కాయ షావుకారుది, తనంత తాను రాలిన కాయ కావలివాడిది. ఇది ఎవరూ రాసుకున్నది కాదు, తాతల నాటి మాట. పొద్దున్నే గంప పట్టుకుని చెట్ల కింద తిరిగితే ఉడత కొరికినవీ, తొడిమ పుచ్చినవీ నాలుగు దొరికేవి. పప్పులోకో పచ్చడికో అయ్యేవి. చెట్టు మీది కాయను మా ఆయన ఆకలేసినా ముట్టేవాడు కాదు. "అది మనది కాదే" అనేవాడు.

ఆ ఏడు కాపు విరగకాసింది. కొమ్మలకు కర్రలు ఊతం పెట్టాం. రోహిణి కార్తెలో, రేపో మాపో కోత అనగా, మధ్యాహ్నం గంజి తాగి చేతులు కడుక్కుంటుంటే పడమట దుమ్ము లేచింది. తర్వాత గాలి, వెనకే వాన. కాయలు రాలే చప్పుడు అంతకుముందు నేనెరుగుదును, ఒకటీ అరా. ఆ రోజు చప్పుడు బండరాళ్ళు దొర్లినట్టుంది. మా ఆయన పాక మధ్య నిట్టాడు గుంజను కావిలించుకుని నిలబడ్డాడు, నేను ఆయన్ని పట్టుకుని నిలబడ్డాను. గాలి తగ్గి బయటికొస్తే నేల కనబడలేదు. అంతా పచ్చటి కాయే. సొన వాసనకు కళ్ళు మండాయి.

మర్నాడు షావుకారు బస్సు దిగి, చెప్పులు చేతిలో పట్టుకుని బురదలో నడుచుకుంటూ వచ్చాడు. చెట్ల వంక చూసి గట్టు మీద కూలబడ్డాడు. పాపం, ఆయనా అప్పు తెచ్చే కొన్నాడు.

"ఏంటయ్యా ఇది! నా కొంప మునిగిపోయింది. నీ జీతం ఎక్కణ్ణించి తేను?"

షావుకారు కాళ్ళ దగ్గరి కాయ ఒకటి చూపించాడు.

"రాలిన కాయ నీదేగా? తోటంతా రాలింది. అంతా తీసుకో. నీకూ నాకూ చెల్లు."

మా ఆయన చుట్టూ చూశాడు. గంపెడు కాయ తనదని ఎన్నడూ అనుకోని మనిషి. "సరేనండి షావుకారు గారూ" అనేశాడు. తొందరపడ్డాడని నేననను. నన్నడిగినా అదే అందును. ఆనవాయితీ అలవాటైన నోటికి కాదనడం రాదు.

షావుకారు అటు వెళ్ళగానే మా ఆయన ఒక కాయ తీసి నా ఒళ్ళో పడేశాడు. "ఏమే షావుకారు పెళ్ళామా, ఎన్ని గోతాలు కావాలో చూసుకో!" అన్నాడు.

దెబ్బతిన్న కాయ మాగదు, కుళ్ళుతుంది. చెయ్యగలిగిందల్లా తరిగి ఉప్పేసి ఒరుగులు పెట్టడమే. ఊళ్ళో ఉన్న మా అత్త కూడా కత్తిపీట తీసుకుని తోటకి వచ్చింది. తిండీ నిద్రా లేకుండా ముగ్గురం తరిగాం. సొనకి వేళ్ళు పొక్కి తోలు ఊడింది. టెంకలు ఒకపక్క గుట్ట పడ్డాయి, ముక్కలు తాటాకు చాపల మీద తెల్లగా ఎండాయి. అవి చూసుకుంటే ఆయాసం తెలిసేది కాదు.

మా ఆయన మొదటి గోతం నెత్తిన పెట్టుకుని విస్సన్నపేట సంతకి పోయాడు. అక్కడి వ్యాపారి గోతం మూతి విప్పమని కూడా అనలేదట. "మీ ఊళ్ళో వీచిన గాలి మా ఊళ్ళో వీచలేదనుకున్నావా?" అన్నాడట. నిజమే కదా. చాట్రాయి దాకా ప్రతి తోటా రాలింది, ప్రతి కావలివాడూ షావుకారయ్యాడు. తెచ్చిన గోతం మళ్ళీ నెత్తిన పెట్టుకుని వచ్చాడు. ఆ వెంటనే మృగశిర మబ్బు కమ్మింది. చాపలు లోపల పెట్టడానికి చోటేది? మిగిలిన ఒరుగులు నల్లగా బూజు పట్టాయి. తోటలో కావలి కాయడానికి ఏమీ లేదు గనక ఊళ్ళో ఇంటికి మళ్ళాం. పంది కూడా ముట్టని ఆ ముక్కలూ టెంకలూ తోటలో వదిలితే చెట్లకు పురుగు పడుతుంది, దారిలో ఎవరూ పారబోయనివ్వరు. అందుకే బండి మీద ఇంటికే తెచ్చి, వాకిలి పక్క గుంటలో పోశాం.

మర్నాడు పొద్దెక్కాక చూస్తే ఆయన గోడకేసి తిరిగి పడుకుని ఉన్నాడు.

మా అత్త చీపురుతో గుమ్మంలో ఆగిపోయింది. "ఒరేయ్ అబ్బాయ్." పలకలేదు. "ఇటు తిరగరా నాయనా." లేదు. వెళ్ళి భుజం పట్టి తిప్పింది. తిరిగాడు. చెయ్యి తీయగానే మళ్ళీ అటే తిరిగాడు. మా అత్త భయపడటం నేను చూసింది అప్పుడే.

"అమ్మాయ్, ఆ మంచం కోడు పట్టుకో."

"ఎందుకత్తా?"

"ముందు పట్టుకోవే, తర్వాత అడుగుదువుగాని."

మనిషి మీద ఉండగానే నులక మంచాన్ని ఈడ్చాం. గుమ్మంలో ఇరుక్కుంది. వాల్చి, నెట్టి, నానా తంటాలూ పడ్డాం. "లేచి నడవచ్చుగదరా! నీ పెళ్ళికి కూడా ఇంత కష్టపడలేదు!" అని ఆవిడ రొప్పింది. చివరికి వాకిలి నడిమధ్యకు చేర్చాం.

"ఇప్పుడు తిరుగు, ఎటు తిరుగుతావో. ఇటు తిరిగితే నేనుంటా. అటు తిరిగితే నీ పెళ్ళాం ఉంటది. వెనక్కి తిరిగితే పక్కింటోళ్ళ గేదె ఉంటది."

ఆయన తువ్వాలు మొహం మీదికి లాక్కున్నాడు.

"కప్పుకో. దానికి చిల్లులున్నాయిలే."

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే మంచం వాకిట్లోకి, వానొస్తే ఇంట్లోకి, అదీ నట్టింట్లోనే, గోడ దరికి చేరనివ్వకుండా. దారినపోయేవాళ్ళు "ఏంటండీ, మంచం బయటుంది?" అంటే "ఇల్లు అలుకుతున్నాం" అనేది మా అత్త. ఆ వానాకాలం మా ఇల్లు అలికినట్టు ఊళ్ళో ఏ ఇల్లూ అలకలేదు.

ఇక నా సంగతి. చీకటితో లేచి నీళ్ళు మోసి, ఒకరింట్లో వడ్లు దంచి, ఊడ్పులకు పోయేదాన్ని. వచ్చాక మళ్ళీ జొన్నలు విసరాలి. ముగ్గురి తిండీ నా నడుం మీదే. ఒకరోజు నాట్లలో అందరూ వెనక్కి జరిగారు, నేను జరగలేదు. వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను. లేవాలని కూడా అనిపించలేదు. పక్కనావిడ "ఏంటే, నువ్వు కూడా నాటుకుపోయావా?" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వుతుంటే కళ్ళల్లోంచి నీళ్ళు ఆగలేదు. ఇంటికి పోయి ఇక నేనూ గోడకేసి తిరిగి పడుకుంటాననుకున్నాను. ఇంటికొస్తే ఏముంది, ఉన్న ఒక్క మంచమూ వాకిట్లో ఉంది, దాని మీద ఆయనున్నాడు. విసరాల్సిన జొన్నలు అలాగే ఉన్నాయి. తిరగలి ముందు కూర్చున్నాను.

వానలు ముదిరాక ఆ గుంటలో టెంకలు మొలిచాయి. రాగి రంగు ఆకులు, కుళ్ళులోంచే. ఆయన మంచం మీంచి వాటి వంక చూస్తున్నాడని మా అత్త చెప్పింది. "చూడనీ, గోడ కంటే నయం" అంది.

ఒక సాయంత్రం బురద కాళ్ళతో వస్తుంటే, వాకిట్లోంచి ఏదో వికారమైన కూత వినబడింది. కాకి పిల్లేదో పడిందనుకున్నాను. చూస్తే ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. మొలిచిన టెంక ఒలిచి, లోపలి జీడి గడప రాయికి అరగదీసి, పిల్లలు ఊదే టెంక బూర చేసి ఊదుతున్నాడు.

"ఏంట్రా ఆ గోల, గేదె ఈనుతున్నట్టు!" అంది మా అత్త లోపల్నుంచి వస్తూ.

ఆయన మళ్ళీ ఊదాడు. అప్పుడు మా అత్త గిర్రున వెనక్కి తిరిగి, గోడకు నుదురు ఆనించుకుని నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతుందో ఏడుస్తుందో నాకు తెలియలేదు. పగటిపూట ఆవిడ గోడకేసి తిరగడం ఆ ఒక్కసారే చూశాను.

"కూడుందా అమ్మా?" అన్నాడాయన. గంజే ఉంది. అదే తాగాడు.

మర్నాడు పనిలోకి వచ్చాడు. అంతటితో బాగైపోయిందనుకోకండి. మళ్ళీ పూతకి అదే షావుకారు, అదే తోట, అదే ఆనవాయితీ. మా రోజులు మారలేదు. ఏటా రోహిణిలో గాలి లేస్తే ఆయన మాట పడిపోయేది. కొన్నేళ్ళు దానంతటదే వచ్చేది, కొన్నేళ్ళు మంచం ఈడ్చాల్సి వచ్చేది. మా అత్త పోయాక నేనొక్కదాన్నే ఈడ్చాను. ఒక కోడు పైకెత్తి, తర్వాత రెండోది. మందూ మాకూ మాకు తెలిసింది అంతే. ఆశ కలిగించే మాట ఒక్కటన్నా చెబుదామని ఎన్నోసార్లు వెతుక్కున్నాను, దొరకలేదు. మంచం బరువు మాత్రం ఇంకా నా చేతులకు గుర్తుంది.

సరే, పొయ్యి చల్లారుతోంది, మీరూ లేవండి. మీ ఇంటి మంచాల మీద పగలు ఎండబెట్టిన వడియాలే ఉండాలి, మనుషులు ఉండకూడదు. ఒకవేళ ఎవరైనా గోడకేసి తిరిగితే, ఆ కోడు పట్టుకోవడానికి మీ ఇంట్లో ఇద్దరుండాలి. గాలికి మీ చెట్టు కాయ నిలవాలి. పిల్లాపాపలతో చల్లగా ఉండండి.