మావయ్య మౌనం, అత్తయ్య అరుపులు

మొన్న మా అమ్మాయిని ఆసుపత్రికి తీసుకెళ్తే, డాక్టరు దగ్గరికి పంపేముందు ఒక కాగితం నింపమన్నారు. బీపీ, షుగరు, ఆయాసం అన్నీ దాటాక చివర్లో ఒక ప్రశ్న: మీ కుటుంబంలో ఎవరికైనా మానసిక వ్యాధి ఉందా? పెన్ను అక్కడ ఆగిపోయింది. మావాళ్ళు చెప్పుకునే ప్రకారమైతే అత్తయ్య గురించి రాయాలి. జరిగిందే రాయాలంటే మావయ్య గురించి రాయాలి.

మావయ్య మా అమ్మకి తమ్ముడు, అవనిగడ్డ దగ్గర పల్లెలో వరి రైతు. కాలవకి ఈ గట్టున నిలబడి అవతలి గట్టు మనిషిని పిలిస్తే, ఆ మనిషితోపాటు గేదెలు కూడా తలెత్తి చూసేవి. తొంభైల చివర్లో ఒక ఏడాది, నాట్లు పూర్తయ్యాక, ఆ గొంతు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. వసారాలో మంచం మీద గోడవైపు చూస్తూ కూర్చునేవాడు. తిండి సహించేది కాదు, గడ్డం గీసుకునేవాడు కాదు. మా అమ్మమ్మ కొన్నాళ్ళు చూసి, "వీడికి వైరాగ్యం వచ్చింది, మౌనం పట్టాడు" అని తేల్చేసింది. ఆ మాట కాలవ దాటడానికి వారం పట్టలేదు. గడ్డం, మౌనం, ఉపవాసం; స్వామికి ఇంకేం కావాలి? కొబ్బరికాయలు, అరటిపళ్ళు వచ్చి పడ్డాయి. పడవలు తీసేముందు నాగాయలంక వైపునుంచి చేపల వేటకెళ్ళేవాళ్ళు వచ్చేవారు. పదో తరగతి పిల్లలు హాల్‌టిక్కెట్లు ఆయన పాదాలకి తాకించేవారు. ఆయన కాళ్ళు వెనక్కి తీసుకుంటే, అదీ మహిమే అన్నారు.

అత్తయ్య ఒక్కతే ఒప్పుకోలేదు. "ఈయన స్వామీ కాదు, గీమీ కాదు. జబ్బు మనిషి. కంటిమీద కునుకు లేదు ఈయనకి. వెళ్ళండర్రా!" అని మొదట బతిమాలింది, తర్వాత అరిచింది. ఒకరోజు హారతి పళ్ళెం లాక్కుని పెరట్లోకి విసిరేసింది. అంతే, ఆవిడకి పిచ్చెక్కిందన్నారు. నేనూ అన్నాను. బందరులో నా ఉద్యోగం ఇంటర్వ్యూ కాగితం ఆ పాదాల దగ్గర పెట్టినదాన్నే మరి. ఉద్యోగం వచ్చింది కూడా.

ఎండలు ముదిరేసరికి, అత్తయ్యని బందరులో పిచ్చి డాక్టరుకి చూపించాలని అమ్మమ్మ నిర్ణయించింది. అత్తయ్య ఎదురు చెప్పలేదు. "ఆయన పక్కనుంటేనే వస్తానండీ, అత్తయ్యగారూ" అంది. ముగ్గురూ చల్లపల్లి మీదుగా బస్సులో వచ్చారు. ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను.

"ఏమ్మా, ఏమిటి బాధ?" అన్నాడు డాక్టరు.

"నాకేం లేదండీ. ఈయన్ని చూడండి. ఎనిమిది నెలలైంది నిద్రపోయి."

డాక్టరు మావయ్యకేసి తిరిగాడు. లోపలికిపోయిన బుగ్గలు, పెరిగిపోయిన గోళ్ళు చూశాడు. కుర్చీ దగ్గరికి లాక్కుని మెల్లగా అడిగాడు. "చచ్చిపోదామనిపిస్తోందా అండీ?"

మావయ్య తలెత్తి డాక్టరుకేసి చూశాడు.

"రోజూ" అన్నాడు మావయ్య.

ఎనిమిది నెలల తర్వాత ఆయన నోటినుంచి వచ్చిన మొదటి మాట అది. అత్తయ్య ఏడవలేదు. కొంగుతో ఆయన మొహం తుడిచి, "చెప్పండి, అన్నీ చెప్పండి" అంది.

మందులు పట్టడానికి నాలుగు నెలలు పట్టింది. మళ్ళీ కోతలనాటికి కాలవ గట్టున ఆ కేక వినిపించింది. దణ్ణాలు ఆగిపోయాయి. కానీ ఊరు అత్తయ్యని క్షమించలేదు. "బంగారంలాంటి స్వామిని బందరు తీసుకెళ్ళి మామూలు మనిషిని చేసేసింది, పిచ్చిముండ" అని నిజంగానే బాధపడ్డారు. పేరంటాల్లో ఆవిడ పక్కన కూర్చోడానికి ఆడవాళ్ళు కాస్త జంకేవారు. ఆవిడ విన్నా విననట్టే తాంబూలం తీసుకుని వచ్చేసేది. మా ఇంట్లోనూ ఆ మాట ఎవరూ దిద్దలేదు. ఆ గదిలో ఉన్న నేనూ దిద్దలేదు. అందరిముందు నోరు తెరిస్తే ఇంటర్వ్యూ కాగితం సంగతి కూడా చెప్పాల్సి వస్తుందని కాబోలు.

ఆవిడ పోయి నాలుగేళ్ళు. ఇంటినిండా జనంలో, ఒక్కత్తివే ఆ ఎనిమిది నెలలూ ఎలా గడిపావత్తయ్యా అని అడగాలని తోచడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.